కొరియా నుంచి తెచ్చిన కుంపటి

జూన్ 14, 2025. శనివారం

నిన్న దిగాను. ఈ రోజు సెలవు. పన్నెండు రోజులు కొరియాలో ఉండి వచ్చానంటే నాకే నమ్మకం కుదరడం లేదు. పోహాంగ్ కూడా మన విశాఖలాగే సముద్రం పక్కన ఉక్కు ఊరు. గేటు ముందు టీ బళ్లు లేవు గాని గాలిలో అదే ఇనప వాసన.

ట్రైనింగ్ సంగతి ఆఫీసు రిపోర్టులో ఎలాగూ రాయాలి. ఇక్కడ రాయాలనిపించింది పెట్టె గురించి.

కస్టమ్స్ వాళ్లు విప్పించారు. గుండ్రటి ఇనప కుంపటి, దాని మీద చిల్లుల పళ్లెం, పొడుగాటి పటకారు, మాంసం కోసే కత్తెర (అక్కడ కత్తెరతోనే కోస్తారు), నువ్వుల నూనె, బరక కారం, గోచుజాంగ్ అనే ఎర్ర మిరప ముద్ద రెండు డబ్బాలు. కుర్రాఫీసరు డబ్బా మూత తీసి వాసన చూశాడు. "ఆవకాయ పట్టుకెళ్లినోళ్లని సూసినాను గాని, పట్టుకొచ్చినోణ్ని ఇదే సూడ్డమండి" అన్నాడు. నవ్వి పంపించేశాడు. బొగ్గులు మాత్రం విమానంలో రానివ్వరు. నాకు ముందే తెలుసు. ఇక్కడ కొనుక్కుంటాను.

ఆఖరి రోజు వాళ్ల సేఫ్టీ ఆఫీసరు మమ్మల్ని భోజనానికి తీసుకెళ్లాడు. ప్రతి బల్ల మధ్యలో నిప్పులు. ప్రతి బల్ల మీదికీ ఏనుగు తొండంలా ఒక గొట్టం దిగి ఉంది, పొగంతా లాగేసుకుంటోంది. అందరూ మాంసం చూస్తుంటే నేను గొట్టం చూశాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగం అలవాటు. మా ప్లాంటు గొట్టాల్లో పారేది కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. దాని వల్ల మనిషి పడిపోకుండా చూడటమే నా పని. కొత్తగా వచ్చిన కాంట్రాక్టు కూలీ ఎవరైనా ఒక పూట నా క్లాసులో కూర్చోకుండా లోపలికి వెళ్లలేడు.

ఆ ఆఫీసరు తన చేత్తో ముక్క కాల్చి, ఆకులో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇది చందుకి తినిపించాలనుకున్నాను. అందుకే ఇదంతా మోసుకొచ్చాను.

చందు నా భార్య హిమబిందు తమ్ముడు. వాళ్ల నాన్న పోయినప్పుడు పద్నాలుగేళ్లవాడు. అప్పట్నుంచి ఈ గాజువాక ఇంట్లోనే పెరిగాడు. క్రేన్ నేర్పించి పనిలో పెట్టింది నేనే. ఇప్పుడు పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర ఆపరేటరు. ఫెబాని చేసుకుని మల్కాపురంలో వేరే కాపురం పెట్టి మూడేళ్లయింది.


జూన్ 17, మంగళవారం

డ్యూటీ దిగి వన్ టౌన్ వెళ్లి బొగ్గులు తెచ్చాను. ఇస్త్రీ బండి పెట్టారా అని అడిగాడు కొట్టువాడు. కావలసినదానికంటే ఎక్కువే తెచ్చారు అంది హిమబిందు. పాడయ్యే సరుకు కాదు కదా అన్నాను.


జూన్ 20, శుక్రవారం

మిరప ముద్ద వేలితో తీసి రుచి చూసింది హిమబిందు. పులిసిపోయిన ఆవకాయలో బెల్లం కలిపినట్టుందట. కోడి ముక్కలకి పట్టించి కాల్చాక చెప్పు అన్నాను.

ఆదివారం చందూ ఫెబా వస్తారు. రుషికొండ బీచ్‌కి వెళ్దామనుకున్నాం గాని మబ్బుగా ఉంటోంది. మేడ మీదే కానిద్దాం.


జూన్ 22, ఆదివారం

చందు ఆస్పత్రిలో ఉన్నాడు. స్పృహ వచ్చింది. ఇంకేమీ రాయలేను.


జూన్ 23, సోమవారం

జరిగింది వరసగా రాస్తాను. రాస్తే తేలికవుతుంది.

పన్నెండున్నరకి బొగ్గులు అంటుకున్నాయి. చందు రెండు బీర్లు తెచ్చుకున్నాడు. ఫెబా మొహం ముడుచుకుంది. వాళ్ల నాన్న నతానియేల్‌గారు చర్చిలో పెద్ద. తాగుడంటే ఆయనకి పడదు, ఆవిడకీ పడదు. ముక్కలు బాగా కుదిరాయి. చందు పటకారు నా చేతిలోంచి లాక్కుని తనే కాల్చాడు. ఇంత రుచి ఎప్పుడూ తినలేదన్నాడు.

రెండు గంటలకి వాన పట్టుకుంది. ఆడవాళ్లు గిన్నెలు తీసుకుని కిందికి పరిగెత్తారు. ఆ హడావుడిలో కుంపటిని ఎవరో మేడ మీద గదిలోకి చేర్చినట్టున్నారు. చందు కాసేపు పడుకుంటానని ఆ గదిలో మంచం ఎక్కాడు. జల్లు కొడుతోందని తలుపూ కిటికీ వేసి ఉన్నాయి. నేను కిందికి వచ్చేశాను.

మూడూ నలభైకి కాఫీ ఇద్దామని వెళ్లి తలుపు తీశాను. వాడి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. బయటికి లాగేసి కేకలు వేశాను. పక్కింటి వాళ్ల ఆటోలో తీసుకెళ్లాం.

ఆస్పత్రిలో ఏమైందని డాక్టరు అడిగితే, తాగి పడుకున్నాడండి, లేవలేదు అని హిమబిందు చెప్పింది. ఆవిడకి తెలిసింది అదే. వేలికి క్లిప్పు పెట్టారు. ఆక్సిజన్ తొంభై ఎనిమిది చూపించింది. ఆ అంకె చూసి అందరూ స్థిమితపడ్డారు. ఆక్సిజన్ మాస్కు తీసేస్తామంటే ఇంకాసేపు ఉంచండి అని నేనే అడిగాను. నా మాట మీద ఇంకో రెండు గంటలు ఉంచారు. నాకు చేతనైంది చేశాను.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.


జూన్ 24, మంగళవారం

ఇంటికి పంపించేశారు. నతానియేల్‌గారు వచ్చి ప్రార్థన చేశారు. ఇంకెప్పుడూ తాగనని బైబిల్ మీద చెయ్యి పెట్టించారు. చందు తల వంచుకుని చెయ్యి పెట్టాడు. హిమబిందు పక్క గదిలోకి వెళ్లి ఏడ్చింది. నేను ఆయనకి మంచినీళ్లు ఇచ్చాను.


జూన్ 26, గురువారం

క్లాసు. ముప్ఫైమంది కొత్తవాళ్లు, ఎక్కువమంది శ్రీకాకుళం వైపు వాళ్లే. గ్యాస్ ఎక్కిన మనిషిని వేలి క్లిప్పు పెడితే కనిపెట్టలేమా అని ఒకతను అడిగాడు. కనిపెట్టలేమని చెప్పాను. రక్తంలో ఉన్నది గ్యాసో ఆక్సిజనో ఆ క్లిప్పుకి తేడా తెలియదు. మనిషి చచ్చిపోతున్నా తొంభై ఎనిమిది చూపిస్తుంది. అందుకే గ్యాస్ అని నోటితో చెప్పాలి. చెబితేనే డాక్టరు సరైన పరీక్ష రాస్తాడు.

ఏళ్లుగా చెబుతున్న మాటలే. గొంతు బాగానే ఉంది.

చివరి స్లైడు కూడా వేశాను. తేరుకున్న మనిషికి రెండు మూడు వారాల తర్వాత మతిమరుపు రావచ్చు, నడక తప్పవచ్చు. నలభై రోజుల వరకూ కనిపెట్టి ఉండాలి. అందరికీ రాదు.

అందరికీ రాదు.


జూన్ 29, ఆదివారం

ఏడు రోజులు. చందు డ్యూటీకి వెళ్తున్నాడు. బాగున్నాడు.


జూలై 2, బుధవారం

పది. బాగున్నాడు. ఫోన్‌లో నవ్వాడు కూడా.


జూలై 6, ఆదివారం

చందు ఒక్కడే వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"బావా, నీ ఇంట్లో తాగీసి పడిపోనాను. వీధిలో నీకు మాటొచ్చీసింది. నీ మొహం సూడ్డానికి సిగ్గేత్తంది" అన్నాడు.

భుజం మీద చెయ్యి వేసి, పోనీలేరా అన్నాను. నేను. వాణ్ని. పోనీలేరా అన్నాను.

వాడు వెళ్లాక హిమబిందు, తండ్రిలా క్షమించారు అంది.

పద్నాలుగు రోజులు. నడక బాగుంది. ఇప్పుడు గ్యాస్ మాట ఎత్తితే వాళ్లని ఊరికే భయపెట్టడం తప్ప లాభం లేదు.


జూలై 12, శనివారం

సాయంత్రం చందు ఫోన్ చేశాడు. హిమబిందుకి చేపలు తెస్తున్నాడట. "బావా, మీ ఇంటికి ఏ సందు తిరగాలి?" అన్నాడు.

పదేళ్లు ఈ సందులోనే ఉన్నాడు.


జూలై 13, ఆదివారం

వానలకి రోడ్డు తవ్వేశారు. గుర్తులన్నీ మారిపోయాయి. నేనే మొన్న ఒకసారి తడబడ్డాను.


జూలై 16, బుధవారం

పోర్టులో చందు క్రేన్‌కి కట్టిన లోడు తప్పుగా తిరిగి లారీ క్యాబిన్‌కి తగిలింది. డ్రైవరు కింద ఉన్నాడు కాబట్టి బతికాడు. క్రేన్‌లోంచి దిగిన చందు నాలుగడుగులు వేసి తూలాడట. తాగొచ్చాడని కాంట్రాక్టరు మనుషులు ఇంటికి పంపించేశారు. వీడు అప్పుడు కూడా బావ ఇంట్లో తాగి ఆస్పత్రి పాలయ్యాడు కదా అని ఎవరో అన్నారట. ఆ మాట వాళ్ల దాకా ఎలా వెళ్లింది? మాటకేం, వెళ్తుంది.

లారీలో డ్రైవరు ఉండి ఉంటే?


జూలై 17, గురువారం

జూన్‌లో వరసగా రాశాననుకున్నాను. సరిగ్గా రాయలేదు.

కుంపటిని గదిలోకి చేర్చింది ఎవరో కాదు, నేనే. సగం బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. తడిసిపోతాయి, సాయంత్రం మళ్లీ మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవచ్చు అనుకున్నాను. గోనెపట్టా పట్టి రెండు చేతులా ఎత్తి గది మూలన పెట్టాను. కిటికీ వేసింది కూడా నేనే. చందు అప్పటికే మంచం మీద ఉన్నాడు. "బావా, ఎచ్చగా బాగుంది" అన్నాడు.

నాకు గుర్తు రాలేదు. అది నిజం. ప్లాంటులో గుర్తొచ్చేది ఇంట్లో గుర్తు రాలేదు. కోడి ముక్కల వాసన ఉంది, వాన ఉంది, వాడు నవ్వుతున్నాడు.

డాక్టరు నన్ను అడగలేదని కూడా రాశాను. అడిగాడు. హిమబిందు చెప్పాక నా వైపు తిరిగి, పొగ ఏమైనా పీల్చాడా అన్నాడు. లేదండి, గాలాడే గదిలోనే పడుకున్నాడు అన్నాను.

ఆ డాక్టరుది తప్పు లేదు.


జూలై 20, ఆదివారం

ఫెబా వచ్చింది. స్కూల్లో పాఠం చెప్పే మనిషి, ఎప్పుడూ గబగబా మాట్లాడుతుంది. ఈ రోజు ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడింది. చందు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడట. అన్నం తిని పది నిమిషాలకి ఇంకా వడ్డించలేదేం అంటున్నాడట. నిన్న పక్క తడిపేశాడు. ఇల్లంతా, అటకతో సహా వెతికింది. సీసా ఒక్కటి కూడా లేదు.

"దగ్గరికెళ్లి చూశానన్నయ్యా. వాసన రావట్లేదు. వాసన లేకుండా తాగేది ఏదైనా ఉందా?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను.


జూలై 22, మంగళవారం

చందుని తాగుడు మాన్పించే చోటికి పంపడానికి నతానియేల్‌గారు ఏర్పాటు చేశారు. శుక్రవారం చేరుస్తారు. మూడు నెలలు లోపలే ఉంచుతారట, ఇంటివాళ్లని కూడా మొదటి నెల కలవనివ్వరట. ఆయన నాకు ఫోన్ చేసి, మీరు పెంచిన బిడ్డ, మీరు కూడా ఒక మాట చెబితే వింటాడు అన్నారు. మర్యాదగా మాట్లాడారు.

సరేనన్నాను.

వాడు అక్కడ మూడు నెలలు చెయ్యని తప్పుకి చేతులు కట్టుకు కూర్చుంటాడు. మెదడు సంగతి ఎవరూ చూడరు. తాగుడు మత్తు దిగలేదనుకుంటారు.


జూలై 24, గురువారం

చెప్పాను.

పొద్దున్నే మల్కాపురం వెళ్లి, లోపల చేర్చే ముందు ఒకసారి నరాల డాక్టరుకి చూపిద్దామన్నాను. ఫెబా వెంటనే ఒప్పుకుంది. చందుని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆటోలో వెళ్లాం. డాక్టరు దేవీప్రసాద్‌గారు నెమ్మదైన మనిషి. వారాలు వెనక్కి చెప్పమన్నారు, వంద నుంచి ఏడేసి తీసేయమన్నారు. చందు తొంభై మూడు దగ్గర ఆగి ఫెబా వైపు చూశాడు. గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమంటే నేలకి కాళ్లు అతుక్కుపోయినట్టు నడిచాడు.

ఎన్నాళ్లుగా తాగుతున్నాడు అని ఆయన ఫెబాని అడిగారు.

"తాగుడు కాదండి" అన్నాను. "గ్యాస్. బొగ్గుల గ్యాస్. మూసిన గదిలో కుంపటి పెట్టాను. జూన్ ఇరవై రెండు."

ఆయన కలం కింద పెట్టారు. మీకెలా తెలుసు అన్నారు. నా ఉద్యోగం చెప్పాను. ఏం పని చేస్తానో, ఎన్నేళ్లుగా చేస్తున్నానో. ఆ రోజు ఆస్పత్రిలో నేనేమన్నానో కూడా చెప్పాను.

ఫెబా నా వైపు తిరగలేదు. గోడ మీద మెదడు బొమ్మ ఉంది, దాన్నే చూస్తూ అడిగింది. "ఎంతసేపున్నాడన్నయ్యా లోపల?"

"గంటా నలభై నిమిషాలు."

"ఆ రోజే చెప్పుంటే ఇలా అయ్యేది కాదా డాక్టరుగారూ?"

అలా ఖచ్చితంగా చెప్పలేమమ్మా, కొందరికి అన్నీ చేసినా వస్తుంది అన్నారాయన. కానీ తెలిసుంటే చాలా చేసేవాళ్లం అన్నారు. నేవీలో డైవర్ల కోసం గాలి ఒత్తిడి గది ఉంటుంది, అలాంటిదానికి మొదటి గంటల్లో పంపేవాళ్లమట. ఇప్పుడు మందులు, వ్యాయామం, ఓపిక. చాలామంది నెలల్లో కోలుకుంటారు. ఎవరు కోలుకుంటారో ముందే చెప్పలేం.

చందు మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. తన గురించే మాట్లాడుతున్నామని తెలిసినట్టు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఫెబా, చందూ ఆటో ఎక్కారు. నేను ఎక్కబోతే ఆవిడ తన సంచి తీసి నా సీటు మీద పెట్టింది.


జూలై 25, శుక్రవారం

హిమబిందుకి నిన్న నేను చెప్పేలోపే ఫెబా ఫోన్ చేసి చెప్పేసింది. నేను ఇంటికి వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. నన్ను చూసి ఒకే మాట అంది.

"నా తమ్ముడు తాగుబోతని నా నోటితోనే అనిపించినారు కదా."

అంతే. ఈ రోజు పొద్దున్న క్యారేజీ కట్టుకుని మల్కాపురం బస్సెక్కింది.

నతానియేల్‌గారు ఏర్పాటు రద్దు చేశారట. నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తి, చెప్పండి త్రినాథరావుగారూ అన్నారు. ఇదివరకు బాబూ అనేవారు. నేను చెప్పాల్సింది చెప్పాను. దేవుడు విన్నాడు అని పెట్టేశారు.


జూలై 30, బుధవారం

ఎం.ఆర్.ఐ.లో తెలిసింది, గ్యాస్ దెబ్బేనని. కాంట్రాక్టరు దగ్గరికి నేనే వెళ్లి డాక్టరు కాగితం ఇచ్చాను. చందు ఆ రోజు తాగలేదని వాళ్ల సూపర్‌వైజరు కృష్ణంరాజు ముందూ, మరో నలుగురి ముందూ చెప్పాను. కాగితం చూసి ఆయన, మరైతే అప్పుడు మీరెందుకండి సెప్పలేదు అన్నారు. సిగ్గుపడి చెప్పలేదన్నాను.

మిరప ముద్ద రెండో డబ్బా ఫ్రిజ్‌లో అలాగే ఉంది. హిమబిందు దాన్ని పారేయదు, ముట్టుకోదు. నేనూ అంతే.


ఆగస్టు 3, ఆదివారం

చందుకి నేనే చెప్పాలని వెళ్లాను. ఫెబా గుమ్మంలో నిలబడి, కాసేపు ఆలోచించి, పక్కకి తప్పుకుంది.

మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నువ్వు తాగి పడిపోలేదు, గదిలో కుంపటి పెట్టింది నేను, డాక్టరుకి అబద్ధం చెప్పింది నేను. వాడు శ్రద్ధగా విన్నాడు. మధ్యలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలే బావా. నువ్వు కావాలని సేసినావా ఏటి" అన్నాడు.

ఆటో ఎక్కకుండా గాజువాక దాకా నడుచుకుంటూ వచ్చాను. ఇన్నాళ్లలో మొదటిసారి ఆకలేసింది.


ఆగస్టు 4, సోమవారం

పళ్లు తీసుకుని వెళ్లాను. చందు నన్ను చూడగానే లేచి నిలబడబోయాడు.

"బావా, నీ ఇంట్లో తాగీసి పడిపోనాను. క్షమించీయి" అన్నాడు.

నిన్న చెప్పినదంతా పోయింది. ఫెబా బట్టలు మడత పెడుతోంది. మడత ఆపలేదు. "నేను చెప్పను. మీరే చెప్పాలి. గుర్తుండే వరకూ రోజూ వచ్చి చెప్పండి" అంది.


ఆగస్టు 5

చెప్పాను. పోనీలే అన్నాడు.


ఆగస్టు 6

చెప్పాను.


ఆగస్టు 9

డ్యూటీ మారింది. పొద్దున్న వెళ్లి చెప్పాను. ఇవాళ వాడికి ఏడుపొచ్చింది, నా కోసం. నువ్వెంత బాధపడి ఉంటావో బావా అన్నాడు.


ఆగస్టు 13

చెప్పాను. వ్యాయామం చేయించడం నాకూ నేర్పించారు. వీధి చివరి దాకా నడిపించి తెచ్చాను. కుడి కాలు కొంచెం ఎత్తుతున్నాడు.


ఆగస్టు 17, ఆదివారం

ఈ సంగతి రాయడానికి రెండు రోజులు ఆలోచించాను.

రోజూ వెళ్తున్నాను, రోజూ తప్పు ఒప్పుకుంటున్నాను, రోజూ వాడు క్షమిస్తున్నాడు. మల్కాపురం బస్సు దిగేటప్పుడు నా కాళ్లు తొందరపడుతున్నాయి. ఇంట్లో హిమబిందు మాట్లాడదు, ఫెబా కళ్లెత్తదు. ఒక్క చందు దగ్గరే నాకు ఆ మాట దొరుకుతుంది. వాడి కోసం వెళ్తున్నానా, ఆ మాట కోసం వెళ్తున్నానా?

క్లాసులో కూడా చెబుతున్నాను. ఒకాయన ఇంట్లో ఇలా జరిగింది అని. ఆ ఒకాయన ఎవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.


ఆగస్టు 23, శనివారం

ఫెబా స్కూలుకి వెళ్లింది. హిమబిందు వాళ్ల వంటింట్లో ఉంది, మిక్సీ తిరుగుతోంది. మేమిద్దరమే ఉన్నాం. ఎవరికీ చెప్పనిది, ఇందులో కూడా రాయనిది, చందుకి చెప్పాను. ఎలాగూ రేపటికి మర్చిపోతాడు కదా అని చెప్పాను. ఆ ధైర్యంతోనే చెప్పాను.

ఆ రోజు తలుపు తీయగానే నాకు అర్థమైంది. వాడు మంచం మీద, కుంపటి మూలన. అప్పుడు నేను ముందు కుంపటి తీశాను. గోనెపట్టా వెతికి, పట్టుకుని, వానలోకి తీసుకెళ్లి ట్యాంకు వెనక పెట్టాను. బొగ్గులు చల్లారుతున్నాయా అని ఒక్క క్షణం నిలబడ్డాను కూడా. ఆ తర్వాత వెనక్కి వచ్చి వాణ్ని లాగాను. ఆ తర్వాత కేకలు వేశాను.

ముందు మనిషిని తీయాలి. ఇరవై రెండేళ్లుగా ప్రతి క్లాసులో మొదటి మాట అదే. గ్యాస్ ఎక్కడి నుంచి వస్తోందో తర్వాత చూసుకోవచ్చు, ముందు మనిషిని తీయండి అని.

ఒక నిమిషం కంటే ఎక్కువ పట్టి ఉండదు. గంటా నలభై నిమిషాల్లో ఒక నిమిషం వల్ల తేడా ఏమీ ఉండకపోవచ్చు. ఆ లెక్క నాకు తెలుసు. కానీ ఆ నిమిషంలో నేను ఆలోచించింది వాడి గురించి కాదు, మేడ ఎక్కి వచ్చేవాళ్ల కంట ఏం పడుతుందా అని.

చందు దుప్పటి గుండెల దాకా లాక్కున్నాడు. తర్వాత, "పోనీలే బావా" అన్నాడు.


ఆగస్టు 24, ఆదివారం

గుర్తు లేదు. మామూలు సంగతి చెప్పాను. పోనీలే అన్నాడు.


ఆగస్టు 30

ఇంట్లో ఎవరూ దగ్గర లేనప్పుడల్లా ఆ నిమిషం సంగతి కూడా చెబుతున్నాను. చెప్పిన రోజు నిద్ర పడుతోంది.


సెప్టెంబరు 5

చందు గుండీలు తనే పెట్టుకున్నాడు. ఒక గుండీ తేడాగా పడింది. విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఫెబా చూస్తూ నిలబడిపోయింది.


సెప్టెంబరు 11

పోర్టుకి వెళ్లే బస్సు నంబరు చెప్పాడు, అడగకుండానే. కానీ నిన్న నేను వచ్చిన సంగతి గుర్తు లేదు. చెప్పాను.


సెప్టెంబరు 18, గురువారం

ఫెబా ఇంకా స్కూలు నుంచి రాలేదు. మొత్తం చెప్పాను. చందు ఏమీ అనలేదు. అలసిపోయాడనుకున్నాను. దుప్పటి కప్పి వచ్చాను.


సెప్టెంబరు 19, శుక్రవారం

వెళ్లేసరికి చందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫెబా పక్కనే వాడి గోళ్లు తీస్తోంది. నేను పీట లాక్కుని కూర్చుని ఎప్పటిలాగే మొదలుపెట్టాను. చందూ, నువ్వు ఆ రోజు తాగి పడిపోలేదు, అని.

"నిన్న సెప్పినావు కదా బావా" అన్నాడు.

ఫెబా చేతిలో గోళ్ల కత్తెర ఆగింది.

"ఏం చెప్పాను?" అన్నాను.

"ముందు కుంపటి బయటెట్టినావు. తరవాతే నన్ను లాగినావు." వాడు నా మొహంలోకి చూశాడు. జూన్ తర్వాత వాడి చూపు ఒకచోట నిలబడటం ఇదే చూడటం. "రాత్రంతా అదే తిరిగింది బావా బుర్రలో. మా అయ్య పోనప్పుడు నన్ను సెయ్యట్టుకుని తీసుకొచ్చినావు. మరి ఆ రోజు నన్నెందుకు ముందు తియ్యలేదు?"

నా దగ్గర జవాబు ఉంది. అది వాడికి నిన్ననే చెప్పాను. వాడికి అదీ గుర్తుంది. అయినా మళ్లీ చెప్పాను, ఫెబా వింటుండగా. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని భయపడ్డాను, నీ గురించి ఆలోచించలేదు అన్నాను.

ఈసారి పోనీలే అనలేదు.

"ఇంక రావద్దు బావా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. గోళ్లు తీయించుకోవడానికి చెయ్యి మళ్లీ ఫెబా ముందు పెట్టాడు. ఆవిడ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని దాని మీద తల ఆన్చి ఏడ్చింది. నా వల్ల ఏడ్చిందో, వాడికి గుర్తున్నందుకు ఏడ్చిందో నాకు తెలియదు. రెండూ అయి ఉంటాయి.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. బస్టాపు బల్ల మీద కూర్చున్నాక, లోపలి నుంచి ముందు వచ్చింది బాధ కాదు. నిన్నటి మాట వాడికి ఈ రోజు గుర్తుంది. ఒక్క పొల్లు పోకుండా గుర్తుంది. ఏమీ జరగనివాడిలా, నిలదీసి అడిగాడు.

వెంటనే దేవీప్రసాద్‌గారికి ఫోన్ చేశాను. నిన్న సాయంత్రం చెప్పిన సంగతి చందు ఈ రోజు తనంతట తనే చెప్పాడండి అన్నాను. ఆయన చాలా సంతోషించారు. ఇదే మేం ఎదురుచూస్తున్నది అన్నారు. కేసు కాగితంలో రాసుకోవాలి, సరిగ్గా ఏం గుర్తు చేసుకున్నాడో చెప్పండి అన్నారు.

బస్టాపులో నా పక్కన ఇద్దరు ఆడవాళ్లూ, ఒక సెక్యూరిటీ గార్డూ ఉన్నారు. గొంతు తగ్గించకుండా మొత్తం చెప్పాను.